మేం పెంచే కోడి మా పాపకే పనికిరాదా?

సిద్దిపేట జిల్లా నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి చెప్తాను.

ఆమె, భర్త కలిసి మూడేళ్ల కిందట బ్యాంకు లోను తీసుకుని 5,000 బ్రాయిలర్ కోళ్లు పట్టే షెడ్డు వేశారు. పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, నీళ్లు, ఊక, చాకిరీ వీళ్లవి. ఏడాదికి ఐదారు బ్యాచ్‌లు తీస్తారు. కూతురికి పదిహేడేళ్లు, ఇంటర్ రెండో ఏడు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని ఆసుపత్రికి తీసుకెళ్తే హిమోగ్లోబిన్ 9.1 అని తేలింది. డాక్టరు ఐరన్ మాత్రలు రాసి, మాంసం, గుడ్లు, ఆకుకూరలు బాగా పెట్టమన్నారు. కడుపులో తిప్పుతోందని, విరేచనం నల్లగా అవుతోందని భయపడి పాప పది రోజులకే మాత్రలు మానేసింది.

పోనీ మాంసమైనా తినిపిద్దామని ఈమె కోడికూర వండితే, అత్తమ్మ గిన్నె పక్కకు జరిపేసింది. "సూదులేసి పెంచిన కోడి, ఆడపిల్లకు పెడతావా?" అంది. పాప పదకొండో ఏటనే పెద్దమనిషి అయింది. ఆ లెక్క కూడా కోడి మీదే వేసి, దసరాకు వచ్చిన ఆడబిడ్డ అందరి ముందూ అనేసింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పటి నుంచి అత్తమ్మ భయం ఇంకా ముదిరింది. పెడితే నాటుకోడే పెట్టాలంటుంది. దాని ధరకు నెలలో రెండుసార్లు కొనడం కూడా కష్టం. భర్త ఇంట్లో నోరు విప్పడు, బయట దాబాలో మాత్రం బ్రాయిలరే తింటాడు. ఈ గోలంతా వినీ వినీ పాప ఇప్పుడు "నాకు ఏ కోడీ వద్దు, మాంసమే మానేస్తా" అంటోంది.

చివరి పేజీ మాత్రం ఆమె మాటల్లోనే: "ఒక సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు. పోయిన బ్యాచ్‌ల కోళ్లకు గురక (ఊపిరి జబ్బు) వచ్చింది. సూపర్‌వైజర్ నీళ్లల్ల కలపమని మందిచ్చిండు. లిఫ్టింగ్ (కంపెనీ వాళ్లు కోళ్లను ఎత్తుకపోవుడు) రెండు రోజులు ఉందనంగ కూడా కలిపినం. ఎప్పటిలెక్కనే రెండు కోళ్లు ఇంటికి ఉంచుకున్న. కానీ కోయబుద్ధి కాలేదు. షెడ్డుల పనికొచ్చే ఆమెకు ఇచ్చేసిన. అప్పటి నుంచి నిద్ర పడ్తలేదు. మా అత్తమ్మ అనేది నిజమేనా? నిజమైతే నేను చేసే పని ఏంది?"

అమ్మా,

ముందు పాప రక్తం సంగతి చూద్దాం. మిగతావి ఒక నెల ఆగినా ఏమీ కాదు, అది మాత్రం ఆగకూడదు.

ఆ వయసు ఆడపిల్లకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. 9.1 అంటే మధ్యస్థాయి రక్తహీనత. ప్రాణం మీదికి వచ్చిందని కాదు గానీ, ఆయాసం, చదువు మీద మనసు నిలవకపోవడం, ఊరికే చిరాకు, ఇవన్నీ దాని వల్లే కావచ్చు. ఇది మీ ఇంటి పెంపకంలో లోపమని మాత్రం అనుకోవద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ముక్క లేకపోతే పండుగ కాదనుకునే రాష్ట్రం మనది. అయినా సగానికి పైగా ఆడవాళ్లకు రక్తం తక్కువ. దీన్నిబట్టే ఆదివారం కోడికూరకూ రక్తానికీ మనం అనుకున్నంత చుట్టరికం లేదని అర్థమవుతుంది.

లెక్క చూడండి. పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల ఆడపిల్లకు రోజుకు 32 మిల్లీగ్రాముల ఐరన్ కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల్లో ఉంది. వంద గ్రాముల పచ్చి కోడి మాంసంలో ఐరన్ ఒక మిల్లీగ్రాముకు అటూఇటుగా ఉంటుంది. రొమ్ము భాగంలో ఇంకా తక్కువ. మేక మాంసంలో రెండు మూడు మిల్లీగ్రాములు దొరుకుతుంది. మాంసంలోని ఐరన్‌ను ఒళ్లు బాగా పట్టుకుంటుంది, తిన్నదాంట్లో 15 నుంచి 35 శాతం వరకు. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్నది అంతగా ఎక్కదు. అయినా సరే, పాప వారానికి రెండుసార్లు కడుపునిండా కోడికూర తిన్నంత మాత్రాన 9.1 కాస్తా 12 కాదు.

అంటే, గిన్నె విషయంలో మీరు గెలిచినా అత్తమ్మ గెలిచినా ఆ అంకె పెద్దగా కదలదు. బ్రాయిలరా నాటుకోడా అన్న పంచాయితీకీ పాప రక్తానికీ సంబంధం చాలా తక్కువ. కోడి మాంసం గొప్పతనం ఐరన్‌లో లేదు, ప్రొటీన్‌లో ఉంది. తోలు తీసిన మాంసం వంద గ్రాములకు ఇరవై గ్రాములకు పైగా ప్రొటీన్ వస్తుంది, కొవ్వు కొద్దిగానే ఉంటుంది. విటమిన్ బి12 కూడా వస్తుంది. ఎదిగే పిల్లకు అది మంచి తిండే. కానీ రక్తహీనతకు మందు అనుకుని పెడితే మూడు నెలల తర్వాత మళ్లీ అదే కాగితం చేతికి వస్తుంది.

కాబట్టి మాత్రలు మళ్లీ మొదలు కావాలి. విరేచనం నల్లగా రావడం ఆ మాత్రల గుణం. ఒంట్లోకి ఎక్కని ఐరన్ అలా బయటికి పోతుంది, అంతే. కడుపులో తిప్పడం మాత్రం నిజమైన ఇబ్బందే. చాలామంది మానేసేది దాని వల్లే. రాత్రి భోజనం అయ్యాక వేసుకుంటే కొందరికి తగ్గుతుంది. రోజు విడిచి రోజు వేసుకోవచ్చా, వేరే రకం మాత్ర ఇస్తారా అని డాక్టరునే అడగండి. ఆ వెసులుబాట్లు ఉన్నాయి, అడగనిదే ఎవరూ చెప్పరు. టీ, కాఫీ, పాలు మాత్రకు గంట అటూఇటూ వద్దు. నిమ్మరసం నీళ్లతో వేసుకుంటే మంచిది. నులిపురుగుల మాత్ర ఎప్పుడు వేశారో, నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందా, ఈ రెండూ డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అక్కడ కారణం ఉంటే ఎంత పెట్టినా కుండకు చిల్లు ఉన్నట్టే. మాత్రలు సరిగ్గా వేసుకున్నా అంకె పెరగకపోతే వేరే పరీక్షలు కావాలి.

ఇక తిండి. పాప మాంసం తింటానంటే రక్తానికి పనికొచ్చేవి కండ ముక్కలు కాదు, మనవాళ్లు చిన్నచూపు చూసేవి. కోడి కార్జంలో వంద గ్రాములకు తొమ్మిది మిల్లీగ్రాముల దాకా ఐరన్ ఉంటుంది. ఫోలేట్, బి12 కూడా దండిగా ఉంటాయి. మేక కార్జం కూడా మంచిదే. నల్ల వండుతారుగా మన ఇళ్లల్లో, అది రక్తమే కాబట్టి ఐరన్ గురించి చెప్పక్కర్లేదు. శుభ్రంగా పట్టింది దొరికితే, బాగా ఉడికిస్తే ఇబ్బంది లేదు. మా అమ్మమ్మ బాలింతలకు కార్జం వేపుడు పంపించేది, "ముక్కలు మగాళ్లకు పెట్టండి" అనేది. పోషకాల పట్టిక ఆమె ఎన్నడూ చూడలేదు. వారానికి రెండుసార్లు ఒక్కో గుప్పెడు చాలు. రోజూ మాత్రం వద్దు. కార్జంలో విటమిన్ ఏ చాలా ఎక్కువ, అతిగా పోతే అదో సమస్య. గర్భిణులు డాక్టరును అడగకుండా తినకూడదనేది కూడా అందుకే.

ఇక్కడే మీ అత్తమ్మ మాట దగ్గరికి వస్తున్నాను. ఆమె మాటను సగం కొట్టేయాలి, సగం వినాలి.

కొట్టేయాల్సిన సగం హార్మోన్ సూదులు. మీకు నేను చెప్పాలా? 5,000 కోళ్లను ఒక్కొక్కటిగా పట్టుకుని సూది వేయడానికి ఎంతమంది కావాలో మీకే తెలుసు. పెరుగుదల హార్మోన్ ఒక ప్రొటీన్. దాణాలో కలిపితే పప్పు అరిగినట్టు కడుపులో అరిగిపోతుంది. సూదిగా వేయాలంటే మళ్లీ మళ్లీ వేయాలి. కోడి మీద వచ్చే నాలుగు రూపాయల కోసం ఎవరూ ఆ ఖర్చు పెట్టరు. మొదటి వారంలో మీరు కంట్లో వేసే చుక్క, రెండో వారంలో, మూడో వారంలో నీళ్లలో ఇచ్చేవి టీకాలు. కొక్కెర తెగులుకు ఒకటి, గంబోరో అనే ఇంకో జబ్బుకు ఒకటి. బహుశా అత్తమ్మ ఆ కంటిచుక్కలు చూసే "సూదులు" అని ఉంటుంది.

మరి నలభై రోజులకే రెండు కిలోలు ఎలా వస్తోంది అంటే, ఆ గుణం గుడ్డులోనే ఉంది. కెనడాలో ఆల్బెర్టా విశ్వవిద్యాలయం వాళ్లు 1957 నాటి కోడి జాతిని, 1978 నాటిదాన్ని, 2005 నాటిదాన్ని పక్కపక్కన పెట్టి ఒకే దాణాతో పెంచారు. 56వ రోజున మొదటిది 905 గ్రాములు, రెండోది 1,808, మూడోది 4,202 గ్రాములు తూగింది. దాణా ఒకటే, రోజులూ అవే. తేడా అంతా తరతరాలుగా బాగా పెరిగే పుంజునూ పెట్టనూ ఏరి జతకట్టడంలో వచ్చింది. రైతు విత్తనం ఏరుకున్నట్టే. దానికి తోడు మొక్కజొన్న, సోయాతో లెక్కకట్టి చేసిన దాణా, చిన్న పిల్లలకు వేడి తగ్గకుండా చూసే బ్రూడింగ్. కిలో బరువుకు కిలోన్నర పైచిలుకు దాణా చాలు. నాటుకోడి ఆ రెండు కిలోలకు రావాలంటే నెలల తరబడి తిరగాలి. తిరుగుతుంది కాబట్టే కండ గట్టిగా, రుచిగా ఉంటుంది, కొవ్వు కాస్త తక్కువ. ప్రొటీన్‌లో మాత్రం రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. రుచి కోసం నాటుకోడి కొనండి, కానీ పాప ఆరోగ్యం కోసమని అప్పు చేసి మాత్రం వద్దు. పైగా అంగట్లో నాటుకోడి అని అమ్మేవన్నీ పెరట్లో తిరిగినవి కావు. ఆ సంగతి కూడా మీకే బాగా తెలుసు.

పెద్దమనిషి కావడం గురించి ఆడబిడ్డ అన్న మాట. మీ షెడ్డుకు మూడేళ్లు. పాపకు పదిహేడు. ఆమె పదకొండో ఏటికి మీ షెడ్డుకు పునాది కూడా పడలేదు. పదకొండేళ్లు తొందరేమీ కాదు, మామూలు వయసే. తల్లి ఏ వయసులో అయింది, పిల్ల ఒంట్లో కొవ్వు ఎంత ఉంది, వీటిని బట్టి అది ఉంటుంది. తిండి మెరుగయ్యే కొద్దీ ఆ వయసు తరతరానికీ కొంచెం ముందుకు జరిగింది. ఇది ఆడబిడ్డకు చెప్పకపోయినా ఫరవాలేదు. పాపకు మాత్రం మీరే, ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పండి. తన ఒంట్లో ఏదో తేడా ఉందని పది మందిలో విన్న పిల్ల ఆమె. మాంసం మానేస్తాననడంలో ఆ సిగ్గు ఎంత ఉందో కూడా కనుక్కోండి.

బర్డ్ ఫ్లూ భయం కూడా పెద్దావిడ పెట్టుకోనక్కర్లేదు. వైరస్ 70 డిగ్రీల వేడికే చస్తుంది. మన కూరలు ఆ వేడిని ఎప్పుడో దాటుతాయి. దానివల్ల ముప్పు ఎక్కువ ఉండేది జబ్బు కోళ్లను ముట్టుకునే మీకు, పనివాళ్లకు.

ఇప్పుడు వినాల్సిన సగం. మందులు.

మీకు నిద్ర పట్టకపోవడం ఊరికే కాదు. మీ చెయ్యి ఆ రెండు కోళ్ల దగ్గర ఆగిందంటే మీకు విషయం తెలుసు. ప్రతి యాంటీబయాటిక్‌కూ విత్‌డ్రాయల్ పీరియడ్ అని ఉంటుంది. మందు ఆపిన తర్వాత ఇన్ని రోజుల దాకా కోయకూడదు అని. కొన్నింటికి రెండు మూడు రోజులు, కొన్నింటికి వారం పైనే. మందును బట్టి మారుతుంది, సీసా మీదో ప్యాకెట్ మీదో రాసి ఉంటుంది. ఆ లోపు కోస్తే మాంసంలో మందు మిగిలిపోవచ్చు. అన్నింటికన్నా ఎక్కువ మిగిలేది కార్జంలో, మూత్రపిండాల్లో. ఉడికించినా పూర్తిగా పోతుందని నమ్మడానికి లేదు. పాపకు కార్జం పెట్టమని నేనే చెప్పి, మీ షెడ్డు సంగతి అడగకుండా వదలలేకపోవడానికి కారణం ఇదే. ఒకసారి తింటే ప్రాణం పోదు. అసలు నష్టం వేరే చోట ఉంది. కోళ్లకు అయినదానికీ కానిదానికీ యాంటీబయాటిక్ పోస్తుంటే, ఆ మందుకు లొంగని సూక్ష్మజీవులు షెడ్డులో పుడతాయి. రేపు మనిషికి జబ్బు చేస్తే అదే మందు పనిచేయకపోవచ్చు. మనుషులకు చివరి ఆసరాగా దాచుకున్న కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కోళ్లకూ పశువులకూ వాడకూడదని 2019 జులైలో కేంద్రం నిషేధించింది కూడా ఇందుకే. ఎప్పుడైనా షెడ్డుకు వచ్చిన ప్యాకెట్ మీద ఆ పేరు కనిపిస్తే వాడొద్దు, మండల పశువైద్యాధికారికి చూపించండి.

అయితే మీరు చేసే పని ఏంది అని అడిగారు. మీరు తిండి పెంచుతున్నారు. ఆ పనిలో ఒక తప్పు అలవాటు ఉంది, అది మీరు పెట్టింది కాదు, కానీ మీ చేతుల మీదుగా జరుగుతోంది. దీనికి మీ ముందు కొన్ని దారులు ఉన్నాయి. ఏదీ ఉచితం కాదు.

చిన్నది, రేపే చేయగలిగేది, షెడ్డులో ఒక నోటుబుక్కు పెట్టడం. బరువులు, చచ్చిన కోళ్ల లెక్క ఎలాగూ రాస్తారు కదా, దాని పక్కన మందు పేరు, మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ, ఎన్ని రోజులు ఆగాలి, ఇవి రాయండి. సూపర్‌వైజర్‌ను గొడవగా కాదు, "సార్, రాసుకోవాలి, చెప్పండి" అని అడగండి. అతను విసుక్కోవచ్చు. కానీ రాసుకునే రైతు దగ్గర ఎవరైనా కొంచెం జాగ్రత్తగా ఉంటారు.

దీనికన్నా కష్టమైనది, చివరి వారంలో జబ్బు వస్తే లిఫ్టింగ్ వెనక్కి జరపమని అడగడం. ఇక్కడ నష్టం మీకే. ఐదు రోజులు ఎక్కువ ఉంటే దాణా ఎక్కువ తింటాయి, ఎఫ్‌సీఆర్ (కిలో బరువుకు ఎంత దాణా పట్టిందన్న లెక్క) చెడుతుంది, పెంపకం కూలీ తగ్గుతుంది. వచ్చే బ్యాచ్ పిల్లలు ఆలస్యంగా దింపినా మీరు చేయగలిగింది తక్కువ. లోను కిస్తీ ఉన్న మనిషిని ఇది ఒంటరిగా చేయమని నేను చెప్పలేను. చుట్టుపక్కల అదే కంపెనీకి పెంచే నలుగురు రైతులు కలిసి అడిగితే తీరు వేరుగా ఉంటుంది. అసలు గురక రాకుండా చూసుకోవడం అన్నింటికన్నా చవక. ఊక తడవకుండా తిప్పడం, చలికాలంలో పరదాలు మొత్తం మూసేయకుండా పైన గాలి వదలడం. షెడ్డులోకి వెళ్లగానే కళ్లు మండుతున్నాయంటే అమ్మోనియా ఎక్కువైనట్టు. ఆ మంటే కోడికి గురకగా మారుతుంది.

ఇంకో దారి, కంపెనీ వదిలేసి సొంతంగా వనరాజా లాంటివి పెంచడం. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం పెరటి పెంపకానికని తయారుచేసిన రకం అది. అత్తమ్మకు నచ్చుతుంది. కానీ పిల్లలూ దాణా అరువుకు వచ్చే సౌకర్యం పోతుంది. నలభై రోజులకు వచ్చే డబ్బు కోసం నాలుగు నెలలు ఆగాలి, అమ్మకం మీరే చూసుకోవాలి. లోను తీరేదాకా ఆ దారి తొక్కొద్దనే నా ఉద్దేశం. తీరాక అది మీ ఇష్టం.

ఇంటి మట్టుకు పది నాటుకోళ్లు పెంచుకుందామని అత్తమ్మ అనొచ్చు. షెడ్డు దగ్గర మాత్రం వద్దు. బయట తిరిగే కోళ్ల నుంచి జబ్బు షెడ్డులోకి వస్తుంది, చాలా కంపెనీలు ఒప్పుకోవు కూడా. మీ పుట్టింట్లోనో, ఊళ్లో చుట్టాల పెరట్లోనో అయితే మంచి ఆలోచనే. ఆ కోళ్ల బాధ్యత అత్తమ్మకే ఇవ్వండి. గుడ్లు పాపకు పనికొస్తాయి.

పాప నిజంగానే మాంసం వద్దనుకుంటే బలవంతం చేయొద్దు. మాత్రలు వేసుకుంటే మాంసం లేకుండా కూడా రక్తం పెరుగుతుంది. సజ్జ రొట్టె, నువ్వుల పొడి, తోటకూర పప్పు, వాటి మీద నిమ్మకాయ పిండుకోవడం, తిన్న వెంటనే టీ తాగకపోవడం. బి12 కోసం గుడ్డు, పాలు, పెరుగు ఉంటే చాలు. మాంసం అయితే పని కొంచెం సులువవుతుంది, అంతే. ఆమె మానేస్తే అది మీ ఓటమి కాదు, అత్తమ్మ గెలుపూ కాదు.

మీ ఆయనకు ఆ రెండు కోళ్ల సంగతి చెప్పండి. దాబాలో ఆయన తినే కోడి ఏ షెడ్డుదో, దానికి మందు ఎప్పుడు ఆపారో ఆయనకూ తెలియదు. ఆ మాట అంటే నోటుబుక్కు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

ఇక మీ షెడ్డులో పనిచేసే ఆమె. ఆ కూర తిన్నందుకు ఆమెకు ఏదో అవుతుందని భయపడకండి, కావడానికి అవకాశం చాలా తక్కువ. మిమ్మల్ని కుట్టేది అది కాదని నాకూ తెలుసు. మీ పిల్లకు వద్దనుకున్నది ఆమె పిల్లలకు ఇచ్చారు. ఆమెకు జరిగింది చెప్పడమా, మానడమా మీరే తేల్చుకోవాలి. చెప్తే రేపటి నుంచి మీరు ఇచ్చేదాన్ని అనుమానంగా చూడొచ్చు, ఊళ్లో నలుగురికి చెప్పొచ్చు. చెప్పకపోతే ఆమె కనిపించినప్పుడల్లా మీకు అదే గుర్తొస్తుంది. నేనైతే చెప్తాను, కానీ నాకు షెడ్డూ లేదు, కిస్తీ లేదు. ఏది చేసినా, ఈ బ్యాచ్ లిఫ్టింగ్ అప్పుడు నోటుబుక్కు తెరిచి, మందు ఆపి ఎన్ని రోజులైందో చూసి, సరిపోయిందనుకుంటే ఒకే గంపలోంచి రెండు కోళ్లు ఆమెకు ఇచ్చి, రెండు మీ ఇంటికి తీసుకెళ్లండి.